నీలం గళ్ళ చొక్కాలు

బడి 1వ రోజు
దాటినవాళ్ళు: 188. ఇబ్బంది: లేదు.

ఆ పై గీత పెద్దాయనకి. ఈ కింద రాసేదంతా నాకు. పెద్దాయనంటే మనిషి కాదు, జిల్లాలో రోడ్ల లెక్కలు చూసే యంత్రం. ఎక్కడ బండి ఆగాలో, ఎక్కడ ఆగక్కర్లేదో అదే తేలుస్తుంది. రోజూ సాయంత్రం నేను రాసిన ఆ ఒక్క గీతా దానికి చేరుతుంది. "కింద ఖాళీలో నీ ఇష్టమొచ్చింది రాసుకో సైదమ్మా, ఎవరూ చదవరు" అని ఈ చిట్టా పలక చేతికిచ్చిన రోజే చెప్పారు. పదకొండేళ్ళుగా రాసుకుంటున్నాను. ఇంట్లో నోరు తెరిస్తే గొడవ, ఇక్కడైతే ఎదురు చెప్పేవాళ్ళుండరు.

సెలవులు అయిపోయి పిల్లలొచ్చారు. "దాటమ్మా, దాటమ్మా" అని ఒకటే గోల. పిల్లలు నాకు పెట్టిన పేరది. నాకు రాతిపాడులో ఇంటిపేరు లేదు, ఇదే పేరు. చెప్పులు విడిచి మడమ రోడ్డంచున ఆనించాను. తోకబండి రెండు కిలోమీటర్ల అవతల ఉండగానే నా మడమకి తెలిసిపోతుంది. నలభై డబ్బాలు ఒకదాని తోక పట్టుకుని ఒకటి, తోలేవాడు లేడు, రేవు నుంచి రాజధాని దాకా ఎక్కడా ఆగదు. అంచున మనిషి కనిపిస్తే మాత్రం జోరు తగ్గించి ఒక్క కూత పెడుతుంది. దాన్ని మేం మర్యాద అంటాం. ఒక బండి అలా మర్యాద చేసి పోయాక, వెనక వచ్చే బండి కూడా మమ్మల్ని చూసి తగ్గుతుంది. ఆ రెండింటి నడుమ దొరికే సందులో పిల్లల్ని దాటించాలి. ఇరవై ముళ్ళ పగ్గం, ముడికొక పిల్ల, ముందు నేను. నేను చెయ్యెత్తాకే అడుగు వెయ్యాలి. ఇటు రాతిపాడు, కొత్తలంక. అటు బడి. అంతే నా లోకం.

ఇవాళ ఒక కొత్త మనిషి కూతుర్ని దింపడానికొచ్చింది. కొత్తలంకలో ఉంటుందట. సముద్రం మింగేసిన లంక ఊళ్ళ నుంచి వచ్చినవాళ్ళకి ప్రభుత్వం కట్టించిన కాలనీ అది. పేరు వీరవేణి. కూతురు ధాత్రి, రెండో తరగతి. పిల్ల చేతికి పగ్గం ఇస్తుంటే ఆవిడ నన్నడిగింది: "పిన్నిగారండీ, ఇక్కడ బండాపే దీపం లేదేంటండీ?"

"దీపం ఎందుకే అమ్మాయ్, నేనున్నాగా" అన్నాను.

"మీరున్నారనుకోండి. మీకు జొరం వొత్తేనో అండీ?"

పదకొండేళ్ళలో నాకు జ్వరం రాలేదు. వచ్చినా వచ్చినట్టు ఎవరికీ చెప్పలేదు. మొదటిరోజే ఆ మాట అడగడం చూడు!

బడి 6వ రోజు
దాటినవాళ్ళు: 191. ఇబ్బంది: లేదు.

సాయంత్రం బడి వసారాలో మీటింగట. ఆగుదీపం కోసం. ఎవరు పెట్టించారో చెప్పక్కర్లేదు. వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు, అరవైమంది ఆడవాళ్ళని కూడేసింది. ముగ్గుపిండితో నేలమీద రోడ్డు గీసింది. బడి ఎక్కడ, కాలనీ ఎక్కడ, బండి కనిపించేదెక్కడ, కనిపించనిదెక్కడ. ఆ మలుపు సంగతి నాకు పదకొండేళ్ళుగా తెలుసు. నన్నెవరూ గీయమని అడగలేదు. ముగ్గుపిండితో గీయొచ్చని నాకూ తోచలేదనుకో, అది వేరే సంగతి.

"రోజూ రొండొందల మంది పిల్లలండీ. బండికి ఆళ్ళు కనపడతారు గానండీ, ఆపడానికి దానికి హుకుం లేదండి. ఆ హుకుం మనం తెచ్చుకోవాలండి" అంది. ఆడవాళ్ళంతా తలలూపారు. హెడ్మాస్టరు ఏసుపాదం గారు లేచి చప్పట్లు కొట్టారు. పదకొండేళ్ళలో నాకు ఆయన ఒక్కసారి టీ ఇప్పించారు. చప్పట్లయితే కొట్టలేదు.

ఇంటికొచ్చాక మా ఆయన గురవయ్య భోజనం ముందు కూర్చుని, "ఆ పిల్ల మాట్టాడతా ఉంటే ఇంకా వినాలనిపిచ్చిందే" అన్నాడు.

"ముప్పయ్యేళ్ళుగా నేనూ మాట్టాడతన్నా. ఒక్కరోజన్నా వినాలనిపిచ్చిందా?"

"నువ్వు మాట్టాడవే. అరుస్తావు."

చట్టి ఠప్పున కింద పెట్టాను. నేను వచ్చేశాక ఆవిడ మీటింగుకొచ్చినవాళ్ళందరికీ ఎండుచేపల పులుసు గిన్నెల్లో పంచిపెట్టిందట. ఈయనగారూ ఒక గిన్నె తెచ్చుకున్నారు. నేను ముట్టలేదు. వాసన బాగానే ఉంది. బాగుండడమే నాకు నచ్చలేదు.

బడి 15వ రోజు
దాటినవాళ్ళు: 190. ఇబ్బంది: లేదు.

పెద్దాయన దగ్గర్నుంచి జవాబొచ్చింది. మధ్యాహ్నం అందర్నీ పిలిచి ఏసుపాదం మాస్టారు చదివారు. "రాతిపాడు దాటుడుచోట పదకొండేళ్ళలో నమోదైన ఇబ్బందులు సున్న. దాటించేవారి పనితీరు అత్యుత్తమం. ఆగుదీపం అవసరం కనిపించలేదు. మీ శ్రద్ధకు ధన్యవాదాలు."

అత్యుత్తమం అన్న ముక్క దగ్గర నా వీపు నిటారయింది. తర్వాత చూస్తే అందరూ నావైపే చూస్తున్నారు. మెచ్చుకోలుగా కాదు.

సాయంత్రం వీరవేణి ఇంటికొచ్చింది. మా ఆయన కుర్చీ వేశాడు, అది కాస్త విరిగిన కుర్చీ, దానికి బదులు లోపల్నుంచి మంచిది తెచ్చి వేశాడు. ఆవిడ కూర్చోలేదు.

"పిన్నిగారండీ, మీ పనిని ఎవరూ ఏమీ అనట్లేదండి. రోజూ 'ఇబ్బంది లేదు' అని రాత్తన్నారు గదండీ. నిజంగా ఒక్కసారన్నా లేదంటారా? గుండె చేత్తో పట్టుకున్న రోజు ఒక్కటన్నా లేదా అండీ?"

ఉన్నాయి. ఎందుకుండవు? వానలో జారిపడిన ఎల్లంకి వారి పిల్లాడు. పగ్గం వదిలేసి చెప్పు కోసం వెనక్కి పరుగెత్తిన చిట్టి. మలుపు దగ్గర పొగమంచులో కూత వినిపించిన తర్వాత కనిపించిన బండి. నేను లాగాను, ఎత్తుకున్నాను, తిట్టాను, ఇంటికి పంపాను. ఒక్క పిల్ల గోరు ఊడలేదు నా చేతుల్లో. మరి ఇబ్బంది ఉందని ఎందుకు రాయాలి? రాస్తే నేను చేతగానిదాన్ననేగా?

"నా పని నాకు నేర్పొద్దు అమ్మాయ్" అన్నాను.

"నేర్పట్లేదండి. అడుగుతన్నానండి."

"అడిగావుగా. ఇంక వెళ్ళు."

వెళ్ళిపోయింది. మా ఆయన ఆ మంచి కుర్చీ లోపల పెట్టి, నాతో మాట్లాడకుండా పడుకున్నాడు. పొద్దు కూడా పూర్తిగా గూకలేదు.

బడి 22వ రోజు
దాటినవాళ్ళు: 192. ఇబ్బంది: లేదు.

ఆవిడ బుర్ర మామూలు బుర్ర కాదు. ఈ మాట ఇక్కడే రాస్తున్నాను, బయట అనను.

ఉతికిన ధాత్రి యూనిఫాం చొక్కాని రోడ్డు పక్క కంచెమీద ఆరేసిందట. తోకబండి దాన్ని చూసి జోరు తగ్గించి కూసిందట. బండికి కళ్ళున్నాయి గానీ, చొక్కా లోపల పిల్ల ఉందో లేదో చూసే ఓపిక లేదు. అంతే, ఆవిడకి దారి దొరికింది. ఇంటింటికీ తిరిగింది. పిల్లలకి పొట్టయిపోయిన నీలం గళ్ళ చొక్కాలన్నీ పోగుచేసింది. వరిగడ్డి కూరి, కర్రలకి తొడిగి, రోడ్డు పొడుగునా ఒక కిలోమీటరు మేర పాతించింది. మూడొందల చొక్కాలు. తలల్లేని పిల్లలు బారులు తీరి నిలబడినట్టుంది. నాకైతే చూడగానే ఒళ్ళు జలదరించింది. అందరూ మాత్రం ఈలలు వేశారు.

తోకబండ్లు నత్తనడక పట్టాయి. ప్రతి చొక్కాకీ ఒక కూత. పొద్దున్నించీ సాయంత్రం దాకా కూతలే కూతలు. రాజధానిలో సరుకు ఆలస్యమవుతోందని కబురొచ్చింది. పెద్దాయన దగ్గర్నుంచి ఎన్నడూ లేనిది ఒక విచారణ కాగితం వచ్చింది: "రాతిపాడు వద్ద అసాధారణంగా జనసమ్మర్దం కనిపిస్తోంది. కారణం తెలపగలరు." ఏసుపాదం మాస్టారు పొట్ట పట్టుకుని నవ్వారు. "చూశారా సైదమ్మగారూ, మన వీరవేణి పెద్దాయనకే చెమటలు పట్టించింది!" అన్నారు. మన వీరవేణి!

దాటించడం ఇప్పుడు పిల్లాట అయిపోయింది. బండ్లు ఎద్దుబండ్లలా పోతుంటే మడమ ఆనించే పనేముంది? ఇవాళ ఒక బుడ్డది ముడి పట్టుకోకుండా గెంతుకుంటూ దాటేసింది. "పగ్గం పట్టుకోవే" అన్నాను. "ఎందుకు దాటమ్మా, చొక్కాలున్నాయిగా" అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. గడ్డి కూరిన చొక్కాతో నన్ను పోటీ పెడుతున్నారు. ఏం రాత నాది!

మా ఇంటికీ అడగడానికొచ్చారు, పాత చొక్కా ఉందా అని. మా అబ్బాయిది చిన్నప్పటిది ఒకటుంది పెట్టెలో. లేదన్నాను.

బడి 28వ రోజు
దాటినవాళ్ళు: 191. ఇబ్బంది: లేదు.

మధ్యాహ్నం బడి వేళ. రోడ్డుమీద పురుగు లేదు. నేను వేపచెట్టు కింద అన్నం తింటున్నాను. ఒక తోకబండి వచ్చింది. మడమకి తెలుస్తోంది, జోరు తగ్గలేదు. చొక్కాల వరుస మొదలైంది. కూత లేదు. మూడొందల చొక్కాల పక్కనుంచి మూడొందల మైళ్ళ వేగంతో పోయినట్టు పోయింది. గాలికి నాలుగు చొక్కాలు కర్రలతో సహా పడిపోయాయి. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఇంకోటి వచ్చింది. అదీ అంతే.

బండికి తెలిసిపోయింది. ఇవి కదలవు, ఇవి మనుషులు కావు, వీటికి తగ్గక్కర్లేదు అని నేర్చేసుకుంది. ఒక్క వారంలో.

నాకు సంతోషం వేసింది. రాస్తున్నాను, ఎవరూ చదవరు కదా. కడుపు చల్లబడింది. రేపు సాయంత్రం మళ్ళీ మీటింగుంది. జిల్లా నుంచి ఒక అధికారిని కూడా పిలిచింది ఆవిడ, బండ్లు ఎలా తగ్గుతున్నాయో కళ్ళారా చూపించాలని. చూపించనీ. అందరి ముందూ చెయ్యి చాపి "చూడండి" అంటుంది, బండి రయ్యిన పోతుంది. అప్పుడు తెలుస్తుంది, గడ్డి ఏమిటో మనిషి ఏమిటో. "పాపం, కొత్తపిల్ల" అనొచ్చు నేను. పెద్దరికంగా. ఆ మాట ఎలా అనాలో ఇంటికొచ్చేదాకా మనసులో అనుకుంటూనే ఉన్నాను.

ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం బండ్లు పలచగా ఉండి, పిల్లలు ఎప్పటిలాగే దాటేశారు. చాలా రోజుల తర్వాత రెండుసార్లు వడ్డించుకుని తిన్నాను.

బడి 29వ రోజు
దాటినవాళ్ళు: 20. ఇబ్బంది:

అక్కడ ఏం రాయాలో తెలియక వదిలేశాను. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున మొదటి పగ్గం. ఇరవైమంది. చివరి ముడి ధాత్రిది. నేను అంచున నిలబడ్డాను. మొదటి బండి నన్ను చూసి కూసింది, తగ్గింది, పోయింది. ఎప్పటిలాగే. నేను పగ్గం పట్టుకుని నడిచాను. నేను అవతలి గట్టు ఎక్కేశాను, ముందున్న తొమ్మిదిమంది ఎక్కేశారు. రోడ్డుమీద పదకొండుమంది ఉన్నారు. వెనక బండి తగ్గాలి. పిల్లలు రోడ్డుమీదుంటే తగ్గుతుంది, పదకొండేళ్ళుగా తగ్గుతూనే ఉంది.

మడమ కింద నేల అదురు తగ్గలేదు.

తలెత్తి చూశాను. రోడ్డుమీద మనుషులు లేరు దాని లెక్కలో. నీలం గళ్ళ చొక్కాలున్నాయి.

పగ్గాన్ని రెండు చేతులా పట్టుకుని లాగాను. ఎలా లాగానో నాకు తెలియదు, అరచేతుల తోలు ఊడొచ్చింది. పిల్లలు ఒకళ్ళమీద ఒకళ్ళు పడుతూ గట్టుమీదకొచ్చి పడ్డారు. పదిమంది. ధాత్రి చేతిలోంచి ముడి జారింది. రోడ్డు మధ్యలో బోర్లా పడింది. నేను మళ్ళీ రోడ్డుమీదకి దూకాను. నా ఎర్రచీర దాని కళ్ళబడగానే బండి కూసింది. అప్పుడు కూసింది! కీచుమంటూ తగ్గడం మొదలెట్టింది, కానీ నలభై డబ్బాలు ఎక్కడ తగ్గుతాయి. పిల్లని జబ్బ పట్టి విసిరి, దానిమీద నేనూ పడ్డాను. వీపుమీదుగా గాలి పోయింది. పిల్ల సంచీ ఆ గాలికి లేచిపోయి ఎక్కడ పడిందో ఇప్పటికీ దొరకలేదు.

ధాత్రికి మోచెయ్యి చీరుకుంది. అంతే. ఏడవలేదు కూడా. "అది నన్ను చూడలేదు దాటమ్మా" అంది.

చూసిందమ్మా. చూసి, చొక్కా అనుకుంది.

ఇవతల మిగిలిన పిల్లల్ని ఇంటికి పంపించేశారు. అవతల ఉన్న ఇరవైమందికీ చొక్కాలమీద తల్లుల చీరలు చుట్టి, ఎర్రవీ పచ్చవీ, మధ్యాహ్నం వెనక్కి తెచ్చాను. చీరలు చూసి బండ్లు బుద్ధిగా తగ్గాయి.

సాయంత్రం మీటింగు జరిగింది. జిల్లా అధికారి రాలేదు. ఊరంతా వచ్చింది. వీరవేణి వసారా మెట్లమీద కూర్చుని ఉంది, పిల్లని ఒళ్ళో పెట్టుకుని. నిన్నటిదాకా ఈలలు వేసినవాళ్ళే మీదపడ్డారు. "నువ్వు పెట్టిన చొక్కాలే కదా! నీ తెలివి తగలెయ్య!" "ఎక్కడ్నించో వచ్చి మా పిల్లల ప్రాణాలమీదకి తెచ్చావ్!" "సైదమ్మ లేకపోతే పదకొండు శవాలు లేచేవి ఇవాళ!" నన్ను ముందుకు తోశారు. ఎవరో నా చేతులకి కట్టిన గుడ్డ చూపించి ఏడ్చారు. ఏసుపాదం మాస్టారు నాకు చేతులెత్తి దండం పెట్టారు.

నేను నెలరోజులుగా కోరుకున్నదంతా అక్కడ పళ్ళెంలో పెట్టి ఇచ్చారు. వీరవేణి తల దించుకుంది. "తప్పయిపోయిందండి. అది నేర్సేసుకుంటదని నాకు తెల్దండి. మీ అందరి కాళ్ళకీ దణ్ణం పెడతానండి" అంటోంది. పిల్ల మోచేతి కట్టుని తడుముతూనే ఉంది.

జనాన్ని తప్పించుకుని ఆవిడ పక్కకి వెళ్ళాను.

"ఆ పిల్లనేమీ అనొద్దు. నాకు తెలుసు" అన్నాను.

ఎవరికీ వినపడలేదు. మా ఆయన అన్నట్టు, నాకు అరవడమే వచ్చు. అరిచాను. "నిన్న మజ్జానమే చూశా! బండ్లు చొక్కాలకి తగ్గట్లేదు. రెండు బండ్లు పోయినియ్ నా కళ్ళ ముందే. ఈ పిల్లకి తెలీదు. నాకు తెలుసు. నేను చెప్పలా."

వీరవేణి తలెత్తింది.

"ఎందుకు చెప్పలేదండీ?"

ఏదో ఒకటి చెప్పొచ్చు. మరిచిపోయానని, బండి పాడైందనుకున్నానని. నోటిదాకా వచ్చాయి కూడా.

"నిన్ను జూస్తే నాకు కడుపుమంట అమ్మాయ్. నువ్వు అందరి ముందూ తెల్లమొగం వెయ్యాలని చూశా. పిల్లల చొక్కా కూడా అదే చొక్కా అన్న సంగతి నా బుర్రకి తట్టలా."

ఆవిడ తిడుతుందనుకున్నాను. కొట్టినా నిలబడేదాన్ని. ఆవిడ పిల్లని భుజాన వేసుకుని లేచింది. నా పక్కనుంచే నడిచి వెళ్ళింది. నా వైపు చూడలేదు.

బడి 30వ రోజు
దాటినవాళ్ళు: 0. బడికి సెలవు. ఇబ్బంది: ఉంది.

ఉంది అని రాయడానికి పదకొండేళ్ళు పట్టింది.

పొద్దున్నించీ కూర్చుని గుర్తు తెచ్చుకున్నాను. ఏ ఏడు, ఏ వాన, ఏ పిల్ల. గుర్తుకు రానివి కింది రాతల్లో దొరికాయి, ఎవరూ చదవరని నాలో నేను రాసుకున్నవి. పద్నాలుగు లెక్క తేలాయి. పద్నాలుగుసార్లు చావు పిల్లల పక్కనుంచి పోయింది, పద్నాలుగుసార్లూ నేను లేదని రాశాను. నిన్నటిది పదిహేనోది. అది మిగతావాటిలా కాదు, అది నేను చేతులారా చేసింది.

గీత ఒక్కటీ పంపితే పెద్దాయన నమ్మడు కదా, పదకొండేళ్ళ సున్న తర్వాత. ఈ చిట్టా మొత్తం పంపొచ్చా అని ఏసుపాదం మాస్టార్ని అడిగాను. పంపొచ్చు, కానీ అప్పుడది అందరూ చదివే కాగితమవుతుంది, పంచాయతీ తెరమీద కూడా వేస్తారు అన్నారు. చిట్టా నా చేతికి తిరిగిచ్చి, "ఆలోచించుకోండి సైదమ్మగారూ" అన్నారు.

"మొత్తమా? నా గురించి రాసింది కూడానా?" అన్నాడు మా ఆయన.

"నీ గురించి ఏం రాశానో నీకేం తెలుసు?"

"ముప్పయ్యేళ్ళ కాపరం. ఆ మాత్రం తెలవదా?"

ఎండుచేపల పులుసు గురించి, మంచి కుర్చీ గురించి, మా అబ్బాయి చొక్కా పెట్టెలో దాచుకుని లేదని చెప్పినదాని గురించి, రెండుసార్లు వడ్డించుకు తిన్న రోజు గురించి ఊరంతా చదువుతారు. వీరవేణి చదువుతుంది. మీట నొక్కాను. పంపేశాను.

బడి 36వ రోజు
దాటినవాళ్ళు: 189. ఇబ్బంది: ఉంది. మలుపు దగ్గర బండి ఆలస్యంగా కనిపించింది.

చొక్కాలన్నీ పీకేశారు. పిల్లలు యూనిఫాం మీద తువ్వాళ్ళూ చీరముక్కలూ కప్పుకుని బడికి వెళుతున్నారు. ఏదో జాతరకి బయల్దేరినట్టుంటారు. ఊళ్ళో నాతో మాట్లాడేవాళ్ళు తక్కువ. మాట్లాడకపోతే పోయారు, చాటుగా నవ్వుకోవడమే ఒళ్ళు మండిస్తోంది. రెండుసార్లు వడ్డించాలా అని టీకొట్టు దగ్గర ఒకడన్నాడు.

నాలుగు రోజుల నుంచీ పొద్దున్నా సాయంత్రమూ వీరవేణి వస్తోంది. నాతో మాట లేదు. పగ్గం చివర, ధాత్రి వెనక నిలబడి, ఆ కొస పట్టుకుంటుంది. ముందు నేను, వెనక ఆవిడ. ఆవిడున్నంత సేపూ వెనక వచ్చే బండికి ఒక చీర కనిపిస్తూనే ఉంటుంది. పదకొండేళ్ళలో నాకు రాని ఆలోచన అది. ఇద్దరు మనుషులు కావాలని తట్టకపోవడమేమిటో.

మళ్ళీ కుళ్ళు మొదలయింది లోపల. ఇది నాతోనే చచ్చేట్టుంది.

బడి 43వ రోజు
దాటినవాళ్ళు: 190. ఇబ్బంది: ఉంది. గాలి ఎక్కువ, కూత సరిగ్గా వినపడలేదు.

జవాబొచ్చింది. "రాతిపాడు వద్ద పదిహేను ఇబ్బందులు ఆలస్యంగా నమోదయినవి. ఆగుదీపం మంజూరు చేయడమైనది. తప్పుడు నమోదు చేసినందున దాటించేవారిని దీపం వెలిగిన రోజు నుంచి విధుల నుంచి తొలగించడమైనది. మీ శ్రద్ధకు ధన్యవాదాలు."

దీపమొస్తే దాటించే మనిషితో పనేముంది, తొలగించకపోయినా తొలిగేదాన్నే. అలా అనుకుంటే కాస్త తేలిగ్గా ఉంది. అయినా ఆ అత్యుత్తమం కాగితం ఎక్కడ పెట్టానా అని ఇల్లంతా వెతికాను.

బడి 51వ రోజు

చిట్టా తీసేసుకున్నారు. ఇది మా అబ్బాయి పాత నోటుపుస్తకం. పై గీత లేదు, రాయాల్సిన పనీ లేదు.

పొద్దున దీపం వెలిగించారు. మామిడాకులు కట్టారు, మేళం పెట్టారు. వీరవేణి మెడలో పూలదండ వేశారు. వద్దండి వద్దండి అంటూనే వేయించుకుంది. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. గట్టిగానే కొట్టాను. ఆ దండ నా మెడలో ఉంటే ఎలా ఉండేదో కూడా అనుకున్నాను. అబద్ధం రాయడం మానేశాను కాబట్టి ఇదీ రాస్తున్నాను.

నేను టీకొట్టు గోడ పక్కన, జనం వెనక నిలబడ్డాను. చెప్పులు వేసుకునే ఉన్నాను.

దీపం ఎర్రబడింది. తోకబండి వచ్చింది, తగ్గింది, ఇంకా తగ్గింది, ఆగిపోయింది. పుట్టి బుద్ధెరిగాక దాన్ని ఆగి ఉండగా చూడలేదు. నలభై డబ్బాలూ కిక్కురుమనకుండా నిలబడ్డాయి. మేళం కూడా ఆగింది. దీపం కింద అంకెలు: నలభై, ముప్పైతొమ్మిది, ముప్పైఎనిమిది.

పిల్లలు కదల్లేదు.

నూటతొంభైమంది అంచున బారుగా నిలబడ్డారు. ఒక్కరూ కాలు కదపలేదు. "నడవండర్రా!" అన్నారు ఏసుపాదం మాస్టారు. కదల్లేదు. "ఎల్లండమ్మా, ఆగింది సూడండి, ఏం బయం లేదు" అంది వీరవేణి. ధాత్రిని ముందుకు నెట్టబోయింది. ఆ పిల్ల కాళ్ళు బిగేసింది. ఆగి ఉన్న బండిని వాళ్ళెందుకు నమ్ముతారు? నమ్మొద్దనేగా నేను నేర్పింది.

ధాత్రి వెనక్కి తిరిగింది. జనంలో వెతికింది. నన్ను చూసింది. దాన్ని చూసి పక్క పిల్ల, ఆ పిల్లని చూసి ఇంకో పిల్ల. బారు మొత్తం తలలు తిప్పి నావైపు చూసింది. నా చెయ్యి లేస్తుందని చూస్తున్నారు. ముప్పైరెండు. ముప్పైఒకటి. జనం కూడా తిరిగారు. దండ వేసుకున్న వీరవేణి కూడా తిరిగింది. వారాల తర్వాత మొదటిసారి నా మొహంలోకి చూసింది.

ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. పాపిష్టి సంతోషం. చూడండి, మీ దీపం, మీ దండ, మీ మేళం, అన్నీ ఉన్నాయి, నా చెయ్యి లేకుండా ఒక్క పిల్ల కదల్లేదు! ఆ సంతోషాన్ని కడుపు నిండా తిన్నాను. ఇరవైరెండు అయ్యేదాకా తిన్నాను. చెయ్యి సగం లేచింది కూడా.

లేస్తే రేపు కూడా చూస్తారు. ఎల్లుండి కూడా. నేను మంచంలో ఉన్నరోజున దీపం ఎర్రగా వెలుగుతుంది, బండి ఆగుతుంది, వీళ్ళు నాకోసం చూస్తూ నిలబడతారు, అంకెలు అయిపోతాయి, అప్పుడెవరో ఒక పిల్ల ఆలస్యమయిందని పరుగెడుతుంది. ఆ పిల్ల ఎవరి పిల్లయినా కావొచ్చు.

చెయ్యి దించేసి, వెనక్కి తిరిగాను. టీకొట్టు గోడకి మొహం పెట్టి నిలబడ్డాను. సున్నం పెచ్చులూడుతున్న గోడ. దానినే చూస్తూ ఉన్నాను.

వెనక ఏమీ వినపడలేదు. చాలాసేపనిపించింది, ఎన్ని అంకెలో తెలియదు. "దీపాన్ని జూడండమ్మా, మమ్మల్ని కాదు" అన్న వీరవేణి గొంతు ఒక్కసారి వినిపించింది. తర్వాత ఒక జత కాళ్ళ చప్పుడు. చిన్న కాళ్ళు. ఆ తర్వాత ఇంకో జత. ఆ తర్వాత లెక్కపెట్టలేనన్ని, టపటపా, తారు మీద.

కొంగు నోట్లో కుక్కుకున్నాను. వెనక్కి తిరగలేదు. తిరిగితే ఆగిపోతారు.